బావి చుట్టూ నలభై మూరలు

విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే ఒకే నది రెండు రూపాలలో కనిపిస్తుంది. ఎగువన నిండు నీరు. దిగువన, వరద లేని రోజుల్లో, ఇసుక తిన్నెల మధ్య సన్నని పాయలు. మిగిలిన నీరంతా కాలువల్లోకి మళ్ళుతుంది. 1852లో మొదలై 1855లో పూర్తయిన పాత ఆనకట్ట ఇక్కడ కృష్ణను మొదటిసారి నిలిపింది. అది 1952లో తెగిపోయిన తరువాత కట్టిన బ్యారేజీ 1957 నుండి పనిచేస్తున్నది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ నగరం మధ్య నుండే సాగి తూర్పు డెల్టాకు వెళ్తాయి. అవతలి ఒడ్డు నుండి పశ్చిమ డెల్టా కాలువలు బయలుదేరుతాయి. రెండు డెల్టాలూ కలిసి 12 లక్షల ఎకరాలకు పైగా సాగు.

ఈ కాలువల పటాన్ని నీటిపారుదల కార్యాలయంలో ఎవరైనా చూడవచ్చు. నేల కింద కదిలే నీటికి అటువంటి పటం మన ఇళ్ళలో లేదు. అందుకే దానిని గురించి మనం ఆలోచించడం కూడా తక్కువ. ఆ నీటిని గురించి ఆలోచించవలసిన అవసరం నాకు ఒక ధర్మ సందేహం రూపంలో వచ్చింది.

డెల్టాలోని ఒక ఊరి కుటుంబం మరణించిన తమ తండ్రి పేరిట సదఖయె జారియాగా మస్జిదు పక్కన చేతిపంపు వేయించాలని సంకల్పించింది. నీటి దానానికి మన ధర్మంలో ఉన్న స్థానం పాఠకులకు తెలిసినదే. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలోని రూమా బావిని కొని ప్రజలకు అంకితం చేసిన చరిత్ర మన పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ మస్జిదు వెనుక గోడను ఆనుకొని కూరగాయల మడులున్నాయి. పెద్ద కుమారుడు నన్ను అడిగిన ప్రశ్న ఇది: “హజ్రత్, ఆ మడుల్లో వారం వారం మందు కొడతారు. అక్కడ బోరు వేయిస్తే అబ్బాజాన్‌కు పుణ్యం చేరుతుందా? తాగినవాళ్ళకు ఏమైనా అయితే ఆ పాపం చేరుతుందా?”

కితాబు తెరిచే ముందు నేలను చూడాలనిపించింది. సెలవుల్లో బ్యారేజీ నుండి సముద్రం దాకా డెల్టాలో తిరిగాను. ఆ ప్రయాణంలో చూసినవి, ఆ తరువాత చదివి తెలుసుకున్నవి ఇక్కడ వ్రాస్తున్నాను.

ఏలూరు కాలువ గట్టు మీద నడుస్తున్నప్పుడు 2020 డిసెంబరు గుర్తుకు రాక మానదు. ఆ నెల 5వ తేదీ నుండి ఏలూరు పట్టణంలో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోవడం మొదలైనది. పిల్లలు, పెద్దలు కలిసి 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు గుర్తించింది. తరువాత నిపుణుల సంస్థలు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ప్రభుత్వానికి నివేదించాయి. కానీ అవి నీటి ద్వారా వచ్చాయా, కూరగాయల ద్వారా వచ్చాయా, ఏ దారిన అంతమంది శరీరాల్లో చేరాయి అన్నది తేటతెల్లం కాలేదు. ఆ దారిని వెంటనే కనిపెట్టలేకపోవడమే ఈ విషయంలోని అసలు కష్టం. కాలువలో చచ్చిన పశువు తేలితే అందరికీ కనిపిస్తుంది. కరిగిన మందు ఎవరికీ కనిపించదు.

నగరం దాటి కరకట్ట వెంట దిగువకు వెళితే లంక భూములు వస్తాయి. నది తానే తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు మట్టి. అరటి, పసుపు, కంద, రకరకాల కూరగాయలు. ఇక్కడ నీరు చాలా పైనే ఉంటుంది. ఇసుక నేల ఉదారమైనది; పోసిన నీటినల్లా లోపలికి తీసుకుంటుంది. ఆ ఉదారతే దాని బలహీనత. నీటితో పాటు దానిలో కరిగినది కూడా అంతే తేలికగా లోపలికి వెళ్తుంది.

అన్ని మందులూ ఒకే విధంగా ప్రయాణించవు. కొన్ని మట్టి రేణువులను గట్టిగా పట్టుకొని పై పొరలోనే ఉండిపోతాయి; డి.డి.టి. ఆ కోవకు చెందినది. అది ఏళ్ళ తరబడి విరగకుండా ఉంటుంది కానీ నీటితో లోతుకు పోవడం తక్కువ. కొన్ని నీటిలో బాగా కరిగి, మట్టికి అంటుకోకుండా, వర్షపు నీటితో కలిసి దిగుతాయి. వరిలో చల్లే కార్బోఫ్యూరాన్ గుళికలు, మొక్కజొన్నలో కలుపును ఆపే అట్రజిన్ ఈ రెండవ కోవవి. కాబట్టి ప్రమాదాన్ని మూడు ప్రశ్నలతో అంచనా వేయాలి. మందు నీటిలో ఎంత కరుగుతుంది? విరిగిపోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది? దానికీ నీటికీ మధ్య ఉన్న నేల ఎటువంటిది, ఎంత మందమైనది?

డబ్బా మీద ముద్రించే త్రిభుజం రంగు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. ఎరుపు అత్యంత విషపూరితం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ రంగు మందును మింగినవానికి, ఒంటి మీద పోసుకున్నవానికి అప్పటికప్పుడు ఎంత ప్రమాదమో తెలుపుతుంది. నేలలో ఎంత దూరం పోతుందో తెలుపదు. ఆకుపచ్చ గుర్తు చూసి బావికి కూడా భయం లేదని అనుకోవడం సరికాదు.

కరకట్ట దిగి బందరు రోడ్డు ఎక్కితే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వరుసగా వస్తాయి. లంకల ఇసుక పోయి నల్లరేగడి మొదలవుతుంది. ఇక్కడి రైతులు చెప్పే మాట ఒకటే: “మా నేల బంకమన్ను అండీ, చుక్క కూడా దిగదు.” ఈ మాటలో నిజం ఉన్నది. దమ్ము చేసిన వరి మడిలో అడుగున గట్టి పొర ఏర్పడి నీటిని నిలుపుతుంది. బంకమన్ను అనేక మందులను పట్టి ఉంచుతుంది కూడా. కానీ అదే నేలను వేసవిలో చూడాలి. నెర్రెలు విచ్చి, మోచేయి దాకా చేయి దూరేంత బీటలు. తొలకరి వాన పడినప్పుడు, కాలువ వదిలినప్పుడు మొదటి నీరు మట్టి రేణువుల మధ్య నుండి నింపాదిగా వడగట్టబడదు. ఆ బీటల గుండా సూటిగా లోపలికి దూకుతుంది. నీరు చిన్నగా దిగినప్పుడు పై మట్టిలోని సూక్ష్మజీవులు మందును విరగగొట్టడానికి సమయం దొరుకుతుంది. బీటలో పడినదానికి ఆ సమయం లేదు.

ఆ దారిలోని ఒక ఊరి మస్జిదులో జుహ్ర్ నమాజుకు ఆగాను. వుజూ చేసే చోటికి నాలుగడుగుల దూరంలో బోరు ఉన్నది. దాని గట్టు పగిలి, పైపు చుట్టూ గుంట పడినది. ఒక యువకుడు అక్కడే స్ప్రేయరు కడుగుతున్నాడు. తెల్లని నురగ నీరు గుంటలో నిలిచి, మెల్లగా మాయమవుతున్నది. నన్ను చూసి సలాం చేశాడు. ఈ నీరు ఎక్కడికి పోతుంది బాబూ అని అడిగితే, “భూమిలోకే హజ్రత్. భూమి వడగడుతుంది కదా” అన్నాడు.

అతని మాట అవివేకం కాదు. మట్టిని శుద్ధికి సాధనంగా ప్రసాదించినవాడు అల్లాహ్. నీరు దొరకనప్పుడు తయమ్ముమ్ చేసేది దానితోనే. పేడను ఎరువుగా, కళేబరాన్ని మట్టిగా మార్చే శక్తి నేలకున్నది. అయితే ఆ గుంట దగ్గర నేలకు ఆ పని చేసే అవకాశమే లేదు. పైపు చుట్టూ ఉన్న ఖాళీ సిమెంటుతో మూయని బోరు పై నీటిని అడుగు నీటికి చేర్చే గొట్టంతో సమానం. పొలమంతటా పలుచగా చల్లిన మందు కంటే బోరు పక్కన కలిపి, ఒలికి, కడిగిన చిక్కని మందు ఆ బోరుకు ఎక్కువ హాని చేయగలదు. ఈ మాట చెప్పగానే ఆ యువకుడు స్ప్రేయరు ఎత్తుకొని అవతల గడ్డి ఉన్న చోటికి వెళ్ళాడు. అతనికి లేనిది మంచి మనసు కాదు. ఆ సంగతి చెప్పేవారు లేకపోవడమే లోటు.

మచిలీపట్నం చేరి, అక్కడి నుండి చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమ అంచుకు వచ్చాను. 1977 నవంబరు 19న ఉప్పెన ఈ నేల మీదుగా నడిచింది. వేలాది ప్రాణాలు పోయాయి. బ్రతికినవారికి తాగునీరు లేకుండా పోయింది. సముద్రం చెరువుల్లోకి, బావుల్లోకి వచ్చింది. వాటి నీరు చెడిందని ఎవరూ పరీక్షించి చెప్పనక్కరలేదు. నాలుక చెప్పింది. ఇప్పటికీ సముద్రతీర గ్రామాల్లో బోరు కాస్త లోతుగా దించితే ఉప్పు తగులుతుంది, రైతు వెంటనే ఆపేస్తాడు.

మద్రసాలో మేము నేర్పే నీటి అధ్యాయం కూడా ఇటువంటి సాక్ష్యం మీదనే నిలిచి ఉన్నది. సమృద్ధిగా ఉన్న నీటిలో మాలిన్యం పడితే దాని రంగు, రుచి, వాసనలలో ఏదైనా మారిందా అని చూస్తాము. మారకపోతే అది పాక్. ఇది శుద్ధికి సంబంధించిన సూత్రం. నమాజు చేసేవానికి సులభతరం చేసిన అనుగ్రహం. మందు అవశేషమున్న నీటితో వుజూ చెల్లదని నేను అనడం లేదు. అయితే పాక్ అయిన ప్రతిదీ తాగదగినది కాదు. మట్టి పాక్, కానీ హాని చేసేంత మట్టిని తినడానికి అనుమతి లేదు. విషం విషయంలోనూ అంతే. శుద్ధి ఒక ప్రశ్న, హాని మరొక ప్రశ్న. రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే ‘నీళ్ళు తేటగా ఉన్నాయి, తియ్యగా ఉన్నాయి, ఇంకేం’ అంటాము.

మందు అవశేషం మూడు గుర్తులలో ఏదీ చూపకుండానే నీటిలో ఉండగలదు. ఐరోపా దేశాలు తాగునీటిలో ఒక్కొక్క పురుగుమందుకు పెట్టుకున్న పరిమితి లీటరుకు 0.1 మైక్రోగ్రాము, అంటే గ్రాములో కోటవ వంతు. అంత కొంచెం మందును నాలుక ఎలా పట్టుకుంటుంది? అట్రజిన్ భూగర్భ జలాల్లో ఆ పరిమితిని మించి కనబడుతున్నదన్న కారణంతో 2004లో ఐరోపా సమాఖ్య దాని అనుమతిని ఉపసంహరించింది. అమెరికాలోని లాంగ్ ఐలాండ్ ఇసుక నేలల్లో బంగాళాదుంప పంటకు ఆల్డికార్బ్ అనే గుళికల మందు వేసేవారు. 1979లో పరీక్షించి చూస్తే అది ఇళ్ళ బావుల్లో బయటపడినది. వెయ్యికి పైగా బావుల్లో పరిమితిని దాటినది. ఆ కుటుంబాలు అంతవరకు తాగినది కూడా తేట నీరే. మన దేశంలో 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సీసా నీటిలో, ఆ తరువాత శీతల పానీయాల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని వెల్లడించింది. 2004లో పార్లమెంటు సంయుక్త సంఘం ఆ ఫలితాలను సమర్థించింది. ఆ కర్మాగారాలు వాడినది ప్రధానంగా భూమి నుండి తోడిన నీరే.

పులిగడ్డ దగ్గర కృష్ణ మీది వంతెన దాటితే అవతల పెనుమూడి, రేపల్లె. ఆ రోడ్డే బాపట్లకు తీసుకుపోతుంది. బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల్లో మన పెద్దలు తవ్వుకున్న దొరువులను చూడని పాఠకులు ఒకసారి తప్పక చూడాలి. దొరువు అంటే లోతులేని నీటి గుంట. వాన నీరు ఇసుకలో దిగి, అడుగున ఉన్న ఉప్పు నీటి కంటే తేలికైనది కనుక దాని మీద పలుచని పొరగా తేలి నిలుస్తుంది. ఆ తీపి పొరను చెదరనీయకుండా పైపైన తోడుకోవడమే దొరువు విద్య. తీపి నీటినీ ఉప్పు నీటినీ కలిసిపోకుండా నిలిపే సృష్టికర్త ఏర్పాటును ఇక్కడ కళ్ళారా చూడవచ్చు.

ఆ గుంట అంచున కూర్చుంటే విషయం పూర్తిగా అర్థమైనది. ఈ నీరు ఎక్కడో కొండల నుండి రాలేదు. చుట్టూ ఉన్న ఈ ఇసుక మీద పడిన వానే ఇది. కాబట్టి ఈ ఇసుక మీద మనం చల్లినదే ఇందులో ఉంటుంది. వేరుశనగకు, కూరగాయలకు కొట్టిన మందుకూ కడవలోని నీటికీ మధ్య ఉన్నది కొన్ని అడుగుల ఇసుక మాత్రమే. కిందికి పోదామంటే ఉప్పు. ఈ పొర చెడితే మరో పొర లేదు.

తిరిగి వచ్చిన తరువాత కితాబులు తెరిచాను. హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం హిదాయాలో బంజరు భూమిలో బావి తవ్వినవానికి దాని చుట్టూ ఒక రక్షిత ప్రదేశం నిర్ణయించబడి ఉన్నది. దానిని హరీమ్ అంటారు. పశువులు తాగే బావికి అది నలభై మూరలు, మన లెక్కలో సుమారు 60 అడుగులు. ఆ పరిధిలో మరొకరు బావి తవ్వరాదు. ఆ నలభై మూరలు ప్రతి దిక్కుకూ లెక్కించాలని చెబుతూ గ్రంథకర్త ఇచ్చిన కారణం గమనించదగినది: నేలలో మెత్తదనం ఉంటుంది, నీరు పక్కన తవ్విన గుంటవైపు మళ్ళుతుంది. ఎనిమిది వందల సంవత్సరాల క్రితమే ఫుఖహా నేలను గోడగా భావించలేదు.

బావికీ మురుగు గుంటకూ మధ్య ఎంత దూరం ఉండాలన్న చర్చ మరింత ముఖ్యమైనది. కొందరు ఐదు మూరలన్నారు, కొందరు ఏడన్నారు. ఫతావా ఆలమ్‌గీరీ వంటి గ్రంథాల్లో సరైనదిగా నిలిచిన అభిప్రాయం వేరు. దూరం ఒక్కటే కొలమానం కాదు. నేల మెత్తదా గట్టిదా అని చూడాలి, మాలిన్యపు ప్రభావం నీటికి చేరిందా అని చూడాలి. పది మూరలున్నా ప్రభావం చేరితే నీరు చెడినట్టే, ఒక్క మూరే ఉన్నా చేరకపోతే చెడనట్టే. లంక ఇసుకకూ పామర్రు బంకమన్నుకూ ఉన్న తేడా ఇదే కదా! వారి చేతిలో ప్రభావాన్ని కనిపెట్టే సాధనాలు కన్ను, ముక్కు, నాలుక. మన కాలంలో ప్రయోగశాల కూడా ఉన్నది. ప్రభావాన్ని చూడమన్న సూత్రం ఒక్కటే. మన చేతిలో ఉన్న సాధనాన్ని వాడకపోవడం ఆ సూత్రాన్ని వదిలివేయడమే అవుతుంది.

దీనికంతటికీ రైతును దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. మందు తుంపర మొదట పడేది అతని ఒంటి మీదనే. కౌలు కట్టి, అప్పు తెచ్చి, అరువు ఇచ్చే మందుల కొట్టు వాడు ఏది చెబితే అది కొట్టే స్థితిలో అతడున్నాడు. సుడిదోమ పడితే నాలుగు రోజుల్లో మడి మాడిపోతుంది. అప్పుడు అతనికి బావి గుర్తుకు రాదు. దారి చూపకుండా నిందించడం మన పని కాకూడదు. దారులున్నాయి. వరిలో ప్రతి రెండు మీటర్లకు ఒక కాలిబాట వదిలితే గాలి, వెలుతురు ఆడి సుడిదోమ అదుపులో ఉంటుంది. లింగాకర్షక బుట్టలు, వేప గింజల కషాయం, పురుగు సంఖ్య హద్దు దాటినప్పుడు మాత్రమే మందు: ఇవన్నీ వ్యవసాయ శాఖ చెబుతున్నవే. 2016 నుండి రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి సాగు కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ పురస్కారం లభించింది. ఆ పురస్కారాన్ని పంచుకున్నవారిలో ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థ ఒకటి. ఇబ్రాహీం అబూలైష్ 1977లో ఎడారి అంచున ఆరంభించిన ఆ సంస్థ రసాయన మందులు లేకుండా పత్తి పండించి చూపింది.

ఇక ఆ కుటుంబానికి నేను చెప్పినది ఇది. బోరు వేయించండి, పుణ్యకార్యాన్ని ఆపవద్దు. కానీ నీటిని ఇవ్వడంతో బాధ్యత ముగియదు, ఆ నీటిని కాపాడడం కూడా మీ దానంలో భాగమే. మడుల వైపు కాక మస్జిదుకు అవతలి వైపు, వాన నీరు నిలవని ఎత్తు మీద వేయించండి. పైపు చుట్టూ సిమెంటు నింపించి, వెడల్పైన గట్టు కట్టించి, వాడిన నీరు దూరంగా పోయేలా కాలువ తీయించండి. నీటిని పరీక్షకు పంపండి. గ్రామాల్లో వాడే చిన్న కిట్లు పురుగుమందులను చూపవు, దానికి పెద్ద ప్రయోగశాల కావాలి. అయితే కిట్టు చూపే నైట్రేటు ఒక హెచ్చరిక. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే తాగరాదు; అంతకు లోపలే ఉన్నా ఏటేటా పెరుగుతుంటే పైన చల్లినది కిందికి చేరుతున్నదేమోనని అనుమానించాలి. కాచినంత మాత్రాన మందు పోతుందని నమ్మవద్దు. కాచడం క్రిములను చంపుతుంది. అనుమానం తీరేదాకా తాగడానికి పంచాయతీ కుళాయి నీటిని, మిగతా అవసరాలకు బోరును వాడండి.

ఆఖరుగా, మడుల రైతును కూర్చోబెట్టుకొని మాట్లాడమన్నాను. అతడు హిందూ సోదరుడు. ఆ పంపు నీరు అతని పిల్లలూ తాగుతారు. బోరు చుట్టూ 60 అడుగుల లోపల మందు కలపకుండా, స్ప్రేయరు కడగకుండా, ఖాళీ డబ్బా పారేయకుండా ఉండడానికి అతడు వెంటనే ఒప్పుకున్నాడు. గోడ వెంట ఉన్న రెండు వరుసల మడిని పశువుల గడ్డికి వదిలాడు. ఆ కుటుంబం ఆ గడ్డి విత్తనం ఖర్చు పెట్టుకున్నది.

నలభై మూరలు పురుగుమందుకు సరిపోయే దూరమని నేను అనను. ఇసుకలో నీరు అంతకంటే ఎక్కువ దూరం పోతుంది. కానీ ప్రతి మస్జిదు కమిటీ తన బోరు చుట్టూ ఆ మాత్రం హద్దు గీసుకొని, అందులోపల మందు డబ్బా రాకుండా చూసుకుంటే, దాని అవతల ఉన్న పొలాల గురించి పొరుగువారితో మాట్లాడే నైతిక బలం మనకు వస్తుంది. తూర్పు, పశ్చిమ డెల్టాల్లో మన మస్జిదులు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఒక బోరో, బావో ఉన్నది. ఈ జుమా నాడు వుజూకు కూర్చున్నప్పుడు ఒకసారి దాని గట్టు వైపు చూడండి.